యంత్రపరీక్షకుని నిరీక్షణ

రైలు టిక్కెట్టునకై మనము తెఱచు వెబ్ పేజీ ఒక్కపెట్టున రాదు. ముందు అక్షరములు, పిదప బొమ్మలు, కడపట నొక్కవలసిన మీట వచ్చుటయు గలదు. మనకు కన్నులున్నవి గనుక ఆగుదుము. ఆ పేజీలను పరీక్షించు యంత్రమునకో, చెప్పినగాని ఆగుట తెలియదు. ఇంకను రాని మీటను లేదని తలచి, నిర్దోషమైన పేజీకి దోషమంటగట్టును.

2004లో షికాగో నగరమున జేసన్ హగ్గిన్స్ మొదలిడిన సెలీనియమ్ అను సాధనమును వాడువారిలో కొందఱు దీనికి గ్రుడ్డినిద్ర విధింతురు: అయిదు సెకండ్లు ఊరకుండుమనుట. మీట అరసెకండులో వచ్చినను తక్కినది వ్యర్థమే; ఇట్టి పరీక్షలు వేయి యున్నచో గంటకు పైగా పోవును. ఆఱవ సెకండున వచ్చెనా, మరల అబద్ధపు తీర్పే!

షరతుతో కూడిన నిరీక్షణ మేలు. పది సెకండ్లు గడువిడినచో, యంత్రము అరసెకండున కొకమాఱు తొంగిచూచి, మీట రాగానే పని సాగించును. మన యిల్లాండ్రు గడియారమును గాక మెతుకును పట్టిచూతురు గదా! అయితే కనబడుట చాలదు, నొక్కనీయవలెను. 2020లో మైక్రోసాఫ్టువారు వెలువరించిన ప్లేరైట్ ఈ విచారణను తానే చేయును.

కాలనష్టము చిన్నది. నాలుగుమాఱులు వట్టి తప్పు చూపిన పరీక్షను పనివారు లెక్కసేయరు. అయిదవమాఱు మీట నిజముగ చెడియున్నను, 'మరల నడుపుడు, సరియగును' అందురు. ఆ పేజీ యట్లే జనులయొద్దకు వచ్చును.