ప్రాచీన గ్రీకుల సంగీతశాస్త్రము: గణితమా, చెవియా?

ఒక తంత్రిని బిగించి మీటి, పిమ్మట దానిని సరిగా నడుమ నొక్కి సగభాగమును మీటినచో, మొదటి స్వరమే పై స్థాయిలో వినబడును. మూడింట రెండుపాళ్లు మీటిన పంచమమును, నాల్గింట మూడుపాళ్లు మీటిన శుద్ధమధ్యమమును పలుకును. శ్రోతలలో వీణ యెరిగినవారికి ఇది నిత్యానుభవము. ఈ చిన్న విషయముపైననే ప్రాచీన గ్రీకులు గొప్ప శాస్త్రమును నిర్మించిరి.

ఈ నిష్పత్తులు క్రీస్తుపూర్వము 6వ శతాబ్దివాడైన పైథాగరసు పేర ప్రసిద్ధములు. కమ్మరి సుత్తుల బరువులను బట్టి ఆయన వీనిని కనుగొనెనని యొక కథ కలదు. అది పొసగదు. సుత్తి బరువు సగమైనంత మాత్రమున దాని నాదము పై స్థాయికి పోదు. తంత్రి పొడవు విషయమున మాత్రము లెక్క సరిపోవును. విశ్వమునకు సంఖ్యయే మూలమని నమ్మిన ఆయన అనుయాయులకు ఇంతకుమించిన నిదర్శనము లేకపోయెను.

కాని చిక్కొకటి కలిగెను. మధ్యమ పంచమముల నడుమనున్న పూర్ణాంతరపు నిష్పత్తి 9:8. దీనిని సరిసమానముగా రెండు చేయగల పూర్ణసంఖ్యల నిష్పత్తి లేదు. కావున సమమైన అర్ధాంతరమే లేదని వారు వాదించిరి. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దిలో అరిస్టాటిలు శిష్యుడైన అరిస్టాక్సెనసు ఈ వాదము నెదిరించెను. అంతరములను నిర్ణయించునది చెవి, వాని అర్థమును గ్రహించునది బుద్ధి, సంఖ్యలతో పనిలేదని ఆయన మతము. నాలుగు స్వరముల సముదాయమును మూలముగ గొని, నడిమి రెండు స్వరముల స్థానభేదమును బట్టి డయటోనిక్, క్రొమాటిక్, ఎన్‌హార్మోనిక్ అను మూడు జాతులను వివరించెను. కడపటిదానిలో పూర్ణాంతరమున నాల్గవవంతు పాటి సూక్ష్మాంతరములును గలవు.

వారి వాద్యములలో లైరా తాబేటి డిప్పపై చర్మము బిగించి చేసినది, బాలురు నేర్చునది. కొయ్యతో చేసిన పెద్ద కితారా పోటీలలో పాల్గొను విద్వాంసులది. ఆలోస్‌ను పలువురు వేణువని భ్రమింతురు. వాస్తవమునకు అది సన్నాయివలె పీకతో పలుకునది. రెండు గొట్టములను ఒక్కసారిగ నోట బట్టి ఊదెడివారు. విషాదనాటకములలో బృందగానమునకు అదియే తోడు. అన్ని స్వరభేదములను పలికింపగల వాద్యమగుటచే ప్లేటో తన ఆదర్శరాజ్యమున దానికి చోటీయలేదు. లైరా, కితారాలను మాత్రము ఉండనిచ్చెను.

శాస్త్రగ్రంథములు మిగిలినంతగా పాటలు మిగులలేదు. స్వరలిపితో దక్కినవి, తునుకలతో గూడ, సుమారు 60 మాత్రమే. నేటి టర్కీలోని ఐదిన్ చెంత దొరకిన సెయికిలోస్ సమాధిశిలపై ఒక చిన్న పాట సంపూర్ణముగ నున్నది. జీవితము స్వల్పకాలమని చెప్పు ఆ పాటలో మాటలపై స్వరాక్షరములు చెక్కబడినవి. ఆ శిల ఇపుడు కోపెన్‌హాగన్ జాతీయ ప్రదర్శనశాలలో కలదు.

అరిస్టాక్సెనసు నమ్మిన ఆనాటి చెవులు నేడు లేవు. త్రవ్వకములలో లభించిన ఆలోస్‌లను కొలిచి, నమూనాలు చేసి, ఆ నాదమును మరల వినిపింప యత్నించు పండితులకు పైథాగరసు వర్గమువారి సంఖ్యలు ఎంతయో తోడ్పడుచున్నవి. అయినను, శ్రుతి కలిసినదో లేదో తేల్చుటకు వారును తుదకు చెవినే ఆశ్రయింపవలసి యున్నది.