పాత జీపు మరమ్మతు: ఇంట చేయదగినవి, చేయరానివి



ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెనుగు చెప్పి విశ్రాంతి గొన్న పంతులు మోటారు బండ్ల మరమ్మతును గూర్చి మాటాడుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. అయితే నే నిచ్చట నేర్పరినై మాటాడుట లేదు. తప్పు చేసినవాడనై మాటాడుచున్నాను. నా తప్పు విని మీలో ఒక్కరు జాగ్రత్తపడినను ఈ ప్రసంగము సార్థకమని తలచెదను.

మన గుంటూరు, ఒంగోలు సీమలలో పాత జీపునకు గల గౌరవము మీరెరుగనిది కాదు. తడిసిన నల్లరేగడి కాలి చెప్పు నూడదీయును; ఎండిన రేగడి కాలు దిగునంత బీటలు వారును. అట్టి దారిని నేలబారు కారు పోజాలదు. ఎత్తయిన జీపు పోగలదు. 1941వ సంవత్సరము మొదలు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు ఈ బండ్లను సైన్యమునకై తయారుచేసినవి. 1945లో యుద్ధము ముగియునప్పటికి ఆరు లక్షలకు మించి తయారైనవి. 1947లో, నేడు మహీంద్రా అండ్ మహీంద్రా యని పిలువబడు కంపెనీ, విడిభాగములను తెప్పించి బొంబాయిలో జీపులను కూర్ప నారంభించెను. నాటి కట్టుబాటే చాలకాలము సాగినది. బోనెట్టు ఎత్తినచో ప్రతి భాగము కంటికి కనబడును, చేతికందును. కనబడుచున్నది గదా యని మన చేయి ఊరకుండదు. నాకు వచ్చిన చిక్కంతయు అచ్చటనే వచ్చినది.

ఉద్యోగము విడిచిన పిదప మూడెకరముల మిరప, రెండెకరముల ప్రత్తి చూచుకొనుటకై ఒక పాత డీజిలు జీపు కొంటిని. నాలుగు పానాలు, ఒక జాకీ, ఒక గ్రీజు గన్ను సంపాదించితిని. రెండు సంవత్సరములలో ఫిల్టరు మార్చుట, బెల్టు బిగించుట, కమానులకు గ్రీజు పెట్టుట నేర్చితిని. ఊరివారు మెచ్చిరి. మెప్పు మనుష్యుని చెరచును.

మాఘమాసమున మిరపకోతలు ముమ్మరముగా నున్నవి. ఒకనాటి సాయంకాలము బ్రేకు పెడలు కొంచెము లోనికి దిగుచున్నట్లు తోచినది. మూత తీసి చూడగా బ్రేకు ఆయిలు తగ్గియున్నది. పట్టణము పదునాలుగు మైళ్లు. ఇంట ఇంజను ఆయిలు డబ్బా యున్నది. ఆయిలన్న ఆయిలే గదా యనుకొని పోసితిని. పెడలు గట్టిపడినది. నా తెలివికి నేనే మురిసితిని.

మూడవనాటి ఉదయము కోతకు వచ్చు ఎనమండుగురు స్త్రీలను ఎక్కించుకొని పొలమునకు బయలుదేరితిని. దారిలో బండి ఎవరో వెనుకనుండి పట్టి లాగుచున్నట్లు బరువుగా నడచినది. చక్రములనుండి కాలిన వాసన వచ్చినది. అప్పుడే ఆపవలసినది, ఆపలేదు. సాగరు కుడికాలువ మేజరు కట్టమీదినుండి వాలులో దిగుచుండగా ఎదుట గొఱ్ఱెలమంద అడ్డము వచ్చెను. పెడలు త్రొక్కితిని. అది నేలను తాకెను, బండి ఆగలేదు. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, ప్రక్కనున్న దున్నిన చేనిలోనికి త్రిప్పితిని. రేగడిలో చక్రములు దిగబడి బండి నిలిచెను. గొఱ్ఱెలకు గాని కాపరికి గాని హాని లేదు. కాని బండిలోని ఒకామె క్రిందపడి కుడిచేయి విరుగగొట్టుకొనెను.

మిరపకోతలో కుడిచేయి విరిగిన కూలికి ఏమి మిగులునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ కాలమంతయు పోయినది. వైద్యమునకయిన ఖర్చు, కోతలు ముగియువరకు కూలి నే నిచ్చితిని. ఇచ్చి పరామర్శింప పోయిననాడు ఆమె నన్ను నిందింపలేదు. "మాకు చదువు లేదు పంతులుగారూ, చదువుకున్నవారు గదా అని మీ బండి ఎక్కినాము" అన్నది. అంతకన్న పెద్ద నింద నేనెన్నడును వినలేదు.

బండిని విప్పినవాడు మా ఊరి మేస్త్రీ. చిన్ననాడు నా తరగతిలో కూర్చున్నవాడే. లోపలి రబ్బరు వాషర్లను అరచేతిలో పెట్టి చూపెను. ఉబ్బి, మెత్తబడి, అంచులు చిట్లియున్నవి. "మాస్టారూ, దీని పేరు ఆయిలే గాని ఇది నూనె కాదండీ" అన్నాడు.

అతడు చెప్పినదాని సారమిది. బ్రేకు గొట్టములలోని ద్రవము వేరు జాతి రసాయనము. బ్రేకులోని రబ్బరు ఆ ద్రవమున నిలుచునట్లు చేయబడినది. ఇంజను ఆయిలు భూమినుండి తీసిన ఖనిజతైలము. అది తగిలినచో ఆ రబ్బరు ఉబ్బును. ఉబ్బిన రబ్బరు మాస్టరు సిలిండరులో ద్రవము వెనుకకు మరలు సన్నని రంధ్రమును మూయును. అందువలన కాలు తీసినను బ్రేకు వదలదు. వదలని బ్రేకు వేడెక్కును. తుదకు రబ్బరు చిట్లి ద్రవము కారిపోవును. పైగా మా జీపువంటి పాత బండ్లలో నాలుగు చక్రములకును ద్రవమార్గ మొక్కటే. ఒకచోట కారినచో నాలుగును పోవును. తరువాతి కాలపు బండ్లలో మార్గములు రెండుగా విడదీయబడినవి.

నేను బడిలో నానార్థపదములు చెప్పునప్పుడు ఒక పాత ఉదాహరణ చెప్పుచుంటిని. సైంధవమను మాటకు ఉప్పనియు గుఱ్ఱమనియు రెండర్థములు. భోజనమునకు కూర్చున్న యజమాని సైంధవము తెమ్మనగా గుఱ్ఱమును తోలుకొని వచ్చిన సేవకుని కథకు పిల్లలందరు నవ్వెడివారు. ఆ సేవకుడు నేనే యని ఆనాడు తెలిసికొంటిని. నా శిష్యుడు నాకు ఆ పాఠము చెప్పెను. అతడు ద్రవమంతయు దింపి, గొట్టములు కడిగి, రబ్బరు భాగము లన్నింటిని మార్చి, తగిన ద్రవము పోసి ఇచ్చెను. పొరపాటున వేరు ఆయిలు పడినచో కొంత తీసి కొంత పోసినందువలన తీరదు, రబ్బరంతయు మార్చవలసినదే.

ఇక పెద్దలు ఇంటివద్ద నిశ్చింతగా చేసికొనదగిన పనులను మనవి చేసెదను.

మొదటిది శుభ్రత. ప్రత్తితీతల కాలమున దూది పోగులు, మిరప కల్లములయొద్ద దుమ్ము రేడియేటరు రేకుల సందులలో చిక్కుకొనును. గాలి ఆడక ఇంజను కాగును. ఇంజను చల్లారిన పిదప, లోపలివైపునుండి ముందువైపునకు నీటిని మెల్లగా పట్టినచో చిక్కినది వెలికి వచ్చును. వేడి రేడియేటరు మూతను తీయరాదు; ఆవిరి ముఖముపై చిమ్మును.

రెండవది గాలి ఫిల్టరు. పాత జీపులలో పెక్కింటికి ఇది నూనె గిన్నెవంటిది. వచ్చు గాలిలోని దుమ్ము నూనెలో అణగును. మన దుమ్ములో దానిని తరచుగా విప్పి, అడుగు మడ్డి తీసి, కడిగి, గుర్తువరకే క్రొత్త నూనె పోయవలయును. గుర్తు దాటినచో ఇంజను ఆ నూనెను లోనికి పీల్చుకొనును.

మూడవది కందెన. ఎద్దుబండి ఇరుసునకు ఆముదపు కందెన పెట్టిన చేతులు మనవి. జీపు కమానుల పిన్నులకు, ప్రొపెల్లరు షాఫ్టు కీళ్లకు గ్రీజు కూడ అట్టిదే. పాత మురికి గ్రీజు వెలికివచ్చి క్రొత్తది కనబడువరకు ఎక్కించవలయును. బురదలో తిరిగివచ్చిన దినమున చక్రముల లోపలివైపు అంటిన రేగడిని తడిగా నుండగనే కడుగవలయును, ఎండినచో రాయియగును. నీటిలో దిగి వచ్చినప్పుడు మెల్లగా పోవుచు పెడలును పలుమారు తేలికగా నొక్కినచో తడిసిన బ్రేకులు ఆరి పట్టును.

నాలుగవది భద్రత. జాకీపై నిలిపిన బండి క్రిందకు దూరరాదు. ఇటుకలను నాపరాళ్లను నమ్మరాదు; అవి చెప్పకయే పగులును. గట్టి చెక్క దిమ్మెలు కాని ఇనుప స్టాండ్లు కాని పెట్టి, తక్కిన చక్రములకు అడ్డు వేయవలయును. పోయిన ఫ్యూజునకు బదులు తీగముక్క చుట్టరాదు. ఎలుకలు కొఱికిన వైరుచోట బండి అంటుకొనుటకు అదియే త్రోవ. బ్రేకు డ్రమ్ముల దుమ్మును నోటితో ఊదరాదు. పాత లైనర్లలో రాతినార యుండును, అది ఊపిరితిత్తులకు చేటు.

ఈ పనులలో పొరపాటు చేసినచో బండి కదలదు, లేక కొంత ధనము పోవును. కాని బ్రేకు, స్టీరింగు, చక్రపు బేరింగులు అట్టివి కావు. వానిలో పొరపాటు చేసినచో ఇతరుల ప్రాణము పోవును. మన పొరపాటునకు మూల్యము మనమే చెల్లించుకొను పని ఇంట చేసికొనవచ్చును. ఎదుటివాడు చెల్లింపవలసి వచ్చు పనిని మేస్త్రీకి విడువవలయును. నేను నేర్చిన సూత్ర మిదియే. అయినను చూచుట మన వంతే. ప్రతి ఉదయము పెడలు ఎంత దిగుచున్నదో, చక్రముల లోపల తడి కలదో, స్టీరింగు ఎంత ఖాళీగా తిరుగుచున్నదో చూచుటకు చదువుతో పనిలేదు. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. కావున రెండేండ్లకొకమారు మార్పించవలయును.

తుదిమాట క్రొత్త హంగులను గూర్చి. మా కుమారుడు జీపునకు వెడల్పు టైర్లు, కండ్లు చెదరు లైట్లు కావలెననెను. పెద్ద టైర్లు స్టీరింగును బరువు చేయును, బేరింగులను అరగదీయును. వేగమును చూపు ముల్లు ఉన్న వేగముకన్న తక్కువ చూపును. చట్టమును అడ్డమున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు దానినే దృఢపరచినది. సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిదప పరీక్షకు నిలిపి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలయును. ఆనాడు పరీక్షించువారు హంగులు చూడరు. ఆగునా లేదా యని చూతురు.

కావున టైర్లకై దాచిన సొమ్ముతో విజయవాడ ఆటోనగరుకు పోయి, బ్రేకు గొట్టములు, లైనర్లు, కమాను బుష్షులు, ముందు దీపములు తగినవి తెచ్చి మేస్త్రీచేత వేయించితిని. చూచువారికి జీపు పాతదిగనే యున్నది. మా కుమారుడు కొన్నాళ్లు ముఖము మాడ్చుకొనెను.

మరుసటి ఏడు కోతలకు ఆమె వచ్చినది. చేయి అతికినది గాని మునుపటి చురుకు లేదు. కూలీలు ట్రాక్టరులో పోయిరి, ఆమె జీపు నొద్ద నిలిచి, "ఇప్పుడు ఆగునా పంతులుగారూ?" అని అడిగెను. "ముందు నేనొక్కడనే కట్టదాక పోయి ఆపి చూపెదనమ్మా, తరువాత ఎక్కుము" అంటిని. పోయి ఆపి చూపి వచ్చితిని. ఆమె ఎక్కినది.

నాటినుండి ప్రతి ఉదయము ఆ కట్టదాక ఒంటరిగా పోయి ఆపి చూచి వచ్చుట నాకు నియమమైనది. మీ ఇంటి పాత జీపులో ఎవరినైనను ఎక్కించుకొనుటకు ముందు మీరును అట్లే చేయుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.