మూత్రబాధను దాచవలదు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



రచ్చబండ వద్ద పంటలను గూర్చి, పన్నులను గూర్చి నిర్భయముగా మాట్లాడు మన పురుషులు మూత్రసంబంధమైన బాధను గూర్చి మాత్రము నోరు విప్పరు. మంట కలిగినచో "వేడి చేసినది" అని సరిపెట్టుకొని, మజ్జిగయో బార్లీ నీరో త్రాగి ఊరకుందురు. ఒక్కొక్కప్పుడు ఆ మంట ప్రోస్టేటు గ్రంథి వాపునకు చిహ్నము కావచ్చును. ఆ వ్యాధిని గూర్చి నేడు కొంత మనవి చేయుచున్నాము.

ఈ గ్రంథి పురుషులకు మాత్రమే ఉండును. మూత్రాశయమునకు దిగువ, మూత్రనాళమును చుట్టి, పెద్ద ఉసిరికాయంత ఉండును. అది వాచినచో మూత్రమార్గము ఇరుకగును. వృద్ధాప్యమున ఈ గ్రంథి పెరుగుట వేరు, ఈ వాపు వేరు. ఇది 50 ఏండ్లు నిండని వారికిని వచ్చును.

సూక్ష్మక్రిముల వలన హఠాత్తుగా వచ్చినచో చలిజ్వరము, మూత్రమున మంట, మాటిమాటికి మూత్రము వచ్చుట, నడుమునను వృషణముల వెనుకను నొప్పి కలుగును. జ్వరముతోపాటు మూత్రము బిగిసినచో తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే 108 వాహనమును పిలిపించి ఆసుపత్రికి చేర్పవలెను. ఆలస్యమైనచో క్రిములు రక్తమున వ్యాపించి ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇక చికిత్స. మందు మొదలిడుటకు ముందే మూత్రమును పరీక్షింపించుట మేలు. ఏ క్రిమి ఏ మందునకు లొంగునో దానివలన తెలియును. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, కోట్రైమోక్సజోల్ వంటి మందులను వైద్యులు సాధారణముగా 2 నుండి 4 వారములు వాడింతురు. వ్యాధి పాతబడినచో 4 నుండి 6 వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. తీవ్రముగా ఉన్నచో సూదిమందులు అవసరమగును. రెండు దినములలో జ్వరము తగ్గినదని మాత్రలు మానినచో క్రిములు గ్రంథిలో దాగి మరల తలయెత్తును. మందుల దుకాణమున అడిగి నాలుగు మాత్రలు కొని మ్రింగు అలవాటు మరియు హానికరము. అట్టి వాడుక వలననే నేడు అనేక క్రిములు ఈ మందులకు లొంగకున్నవి.

కొందరికి క్రిమి ఏదియు కానరాకయే నెలల తరబడి నొప్పి ఉండును. వారికి పై మందులు తరచుగా పనిచేయవు. నొప్పి తగ్గించు మందులును, మూత్రము సులభముగా వచ్చుటకు టామ్సులోసిన్‌ను ఇత్తురు. ఈ మాత్ర వలన లేచి నిలుచునప్పుడు కళ్లు తిరుగవచ్చును గనుక మెల్లగా లేవవలెను.

సభ్యులారా! ఇంటింటికి వచ్చు ఆశా కార్యకర్త స్త్రీ యగుటచే పురుషులు ఈ బాధను ఆమెకు చెప్పుటకు సంకోచింతురు. కావున ఆ మాట మీరే అడుగవలెను. మీ వార్డులో అట్టి వారున్నచో వెంటబెట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. సిగ్గుచేత ఒక ఇంటి పెద్ద ప్రాణము పోకుండ కాపాడుటయు పంచాయతీ సేవయే యగును.