పాత లగ్జరీ కారు కొనే ముందు

కొత్తలో యాభై లక్షలు పలికిన జర్మన్ కారు, పదేళ్లు తిరిగేసరికి మామూలు కొత్త కారు ధరకే దొరుకుతుంది. రోజూ ఆఫీసుకు అందులోనే వెళ్తే బాగుంటుందని ఆశ పుడుతుంది. కానీ కారు ధర పడిపోయినా దాని విడిభాగాల ధర పడిపోదు. ఏనుగును కొన్నాక మేతకు వెనకాడితే కుదరదు కదా!

బేరానికి ముందు కొన్ని పరీక్షలు చేయండి. రాత్రంతా నిలిపిన కారు పొద్దునకి ఒక పక్కకు కుంగితే ఎయిర్ సస్పెన్షన్‌లో లీకు ఉండవచ్చు. గేరు మారేటప్పుడు కుదుపు వస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను అనుమానించాలి. ఈ రెండూ ఖరీదైన మరమ్మతులే. మీరు వెళ్లేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి చెప్పండి. చల్లటి ఇంజన్ తన లోపాలను దాచుకోలేదు.

హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదల్లో ఎన్నో కార్లు మునిగాయి, మీరు చూసే కారు వాటిలో ఒకటి కావచ్చు. సీటుబెల్టును పూర్తిగా లాగి చూడండి, బురద మరక కనిపిస్తే ఆ కారు జోలికి వెళ్లకండి.

పొగ ఫిల్టరున్న డీజిల్ కారుకు అప్పుడప్పుడూ హైవే మీద పరుగు కావాలి. ట్రాఫిక్‌లో చిన్న దూరాలే తిరిగితే ఆ ఫిల్టరు మూసుకుపోతుంది. అలా తిరిగేవారికి పెట్రోలు కారే నయం.

పాత డీజిల్ కార్లపై ఢిల్లీలో ఉన్న ఆంక్షల వల్ల అక్కడి కార్లు చౌకగా వస్తాయి. అయితే అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడి జీవితకాల పన్ను లెక్కేశాకే అది చౌకో కాదో తేల్చండి. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టకుండా, నాలుగో వంతు మరమ్మతులకు దాచుకోండి.