పాలు పీల్చే కేకు



పిల్లల పుట్టినరోజనగానే బేకరీ వైపు చూస్తాం. “ఓవెన్ లేదు, మనవల్ల ఎక్కడవుతుంది?” అని వెనుకాడతాం. కాని డబల్ కా మీఠా చేసే చేతులకు పాలకేకు పరాయిది కాదు. అక్కడ రొట్టెముక్క పాలు పీలుస్తుంది, ఇక్కడ స్పాంజి కేకు. మెక్సికో, నికరాగువా దేశాల్లో దీన్ని ‘త్రేస్ లేచెస్’ అంటారు, అంటే మూడు పాలు: పచ్చిగా కాచినవి, మరగకాచి చిక్కబరిచినవి, డబ్బాలో దొరికే కండెన్స్‌డ్ మిల్క్.

నాలుగు గుడ్లు, 100 గ్రాముల పంచదార, 100 గ్రాముల మైదా, అరచెంచా బేకింగ్ పౌడరు చాలు. తెల్లసొన విడిగా తీసి నురుగు గట్టిపడేదాకా గిలకొట్టండి. గిన్నెలో తడిగాని, జిడ్డుగాని, పచ్చసొన చుక్కగాని ఉంటే నురుగు సరిగ్గా రాదు. పంచదార కొంచెం కొంచెంగా వేసి, తర్వాత పచ్చసొన, జల్లించిన మైదా తేలిగ్గా కలపండి. గబగబా తిప్పితే గాలిబుడగలు చితికిపోతాయి. పాలు చేరేది ఆ ఖాళీల్లోనే! వెన్న, నూనె వేయకండి. కొవ్వు ఎక్కువైన కేకు పాలు అంతగా పీల్చదు.

మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడిచేయండి. పిండి సగందాకా పోసిన కేకు గిన్నె అందులో ఉంచి, సన్నని మంటపై 35, 40 నిమిషాలు కాల్చండి. అరగంటదాకా మూత తీయవద్దు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

అరలీటరు పాలు సగానికి మరగకాచి, 100 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, అరగ్లాసు కాచిన పాలు కలిపి చల్లార్చండి. ఆరిన కేకుకు ఫోర్కుతో గుచ్చి, ఈ పాలు మూడు నాలుగు దఫాలుగా పోయండి. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి.

ఒక్క మాట మరువకండి. బాన్సువాడ ఎండల్లో పాలు, గుడ్లు కలిసిన ఈ కేకును గంటకు మించి బయట ఉంచరాదు. పిల్లల టిఫిన్ డబ్బాలో పెట్టవద్దు. కరెంటు నాలుగు గంటలకు మించి పోతే, ఎంత కష్టపడి చేసినా సరే, పారేయడమే మేలు. కేకు పోతే మళ్ళీ చేసుకోవచ్చు, పిల్లల కడుపు చెడితే ఎలా?

పుట్టినరోజు నాడే తొలిసారి మొదలుపెట్టకుండా, వారం ముందే ఒకసారి చేసి చూడండి. మీ పొయ్యి మంట మీకు అప్పుడే తెలుస్తుంది. ఆ రోజు పదిమంది ముందూ చేయి వణకదు.