డిక్కీలో నైట్రస్, బయట అనంతపురం ఎండ

ధర్మవరం నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టినాడు. ఫ్రెండ్ కారుకి బెంగళూరులో నైట్రస్ కిట్ వేయించి, డైనో మీద ట్యూన్ చేయించుకొని వచ్చినారంట. అక్కడ పక్కాగా ఉన్న బండి, ఇక్కడికొచ్చినాక బటన్ నొక్కితే ఇంజిన్ లోపల రాళ్లు పోసినట్టు కొట్టుకుంటాందంట. దానికి తోడు ఇంకో ప్రశ్న: "అన్నా, అమెరికా వీడియోల్లో బాటిల్‌కి హీటర్ కడతాండారు, మేము కూడా కొనాల్నా?"

హీటరా! మే నెలలో, అనంతపురంలో! వద్దప్పా. మనకి కావాల్సింది దానికి పూర్తిగా ఆపోజిట్. ఎందుకో ఈరోజు చెప్తా. దానితోనే ఆ కొట్టుకోవడం ఎందుకో కూడా తెలిసిపోతుంది.

ముందు ఒక్క మాట. నైట్రస్ ఆక్సైడ్ పెట్రోల్ లాంటిది కాదు, అది మండదు. సినిమాల్లో మంట చూపించి మనల్ని చెడగొట్టినారు. మామూలు గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం ఉంటే, నైట్రస్‌లో 36 శాతం. ఇంజిన్ లోపల దాదాపు 300 డిగ్రీల దగ్గర అది విడిపోయి ఆ ఆక్సిజన్‌ని వదుల్తుంది. ఆక్సిజన్ పెరిగింది కాబట్టి ఎక్కువ పెట్రోల్ కాల్చొచ్చు. పవర్ వచ్చేది ఆ ఎక్స్‌ట్రా పెట్రోల్ నుంచి. నైట్రస్ వచ్చి, దానికి సరిపడా పెట్రోల్ రాకపోతే? మిక్స్చర్ లీన్ అయిపోతుంది, వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్ అంచు కరిగిపోతుంది. దీనికి నిమిషాలు అక్కర్లేదు, సెకన్లు చాలు.

ఇప్పుడు బాటిల్ సంగతి. లోపల నైట్రస్ ద్రవంగా ఉంటుంది, దాని ప్రెషర్ అంతా టెంపరేచర్ మీదే ఆధారపడి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 730 పీఎస్ఐ. 30 డిగ్రీల దగ్గర 900 పైన. ట్యూనర్లు కోరుకునేది 900 నుంచి 950 మధ్య. చలి దేశాల్లో అంత రాదు కాబట్టి వాళ్లు హీటర్ కడతారు. మనకి పొద్దున తొమ్మిదికే ఆ ప్రెషర్ ఫ్రీగా వచ్చేస్తుంది.

అసలు తిరకాసు 36.4 డిగ్రీల దగ్గర ఉంది. ఈ నంబర్ గుర్తు పెట్టుకోండి. నైట్రస్‌కి అది క్రిటికల్ టెంపరేచర్. అది దాటితే బాటిల్ లోపల ద్రవం, ఆవిరి అని రెండు ఉండవు, అంతా ఒకే రకం చిక్కటి గ్యాస్. అక్కడి నుంచి ప్రెషర్ ఎంతనేది బాటిల్ ఎంత నింపినారో దాని మీద ఉంటుంది. మన దగ్గర ఎండాకాలం నీడలోనే 40 దాటుతుంది, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో ఇంకా ఎంతో ఎక్కువ. నిండు బాటిల్ ఆ వేడిలో 2,000 పీఎస్ఐ దాటినా ఆశ్చర్యం లేదు. బెంగళూరులో 925 దగ్గర చేసిన ట్యూన్, 925కే పనికొస్తుంది. మామూలుగా ప్రెషర్ పెరిగితే లీన్, తగ్గితే రిచ్ అంటారు. 36 దాటినాక ఆ లెక్కని కూడా నేను నమ్మను.

గాలి సంగతి కూడా చూడండి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, అనంతపురం 350 లోపే. హైవే 44 మీద రెండు వందల కిలోమీటర్లు దిగి వస్తే గాలి ఒత్తిడి సుమారు 6 శాతం పెరుగుతుంది. కానీ గాలి వేడెక్కి పల్చబడుతుంది, కాబట్టి సిలిండర్‌లోకి పోయే గాలి బరువు దాదాపు అంతే. కొలతలో తేడా లేదు, కాకపోతే అదే గాలి పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడితో, తేమ లేకుండా పోతాంది. వేడి గాలి, పొడి గాలి రెండూ నాకింగ్‌కి చుట్టాలే. వర్షాకాలంలో బాగున్న టైమింగ్ మేలో కొట్టుకోవడానికి కారణం ఇదే.

పెట్రోల్ కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపినది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, అది మంచిదే. కానీ సరైన మిక్స్చర్‌కి పెట్రోల్ కొంచెం ఎక్కువ పోవాలి. కారు కంప్యూటర్ మామూలుగా నడిపేటప్పుడు తనంతట తను సర్దుకుంటుంది. నైట్రస్ కిట్‌లో పెట్రోల్ జెట్ మాత్రం ఒక ఇత్తడి ముక్కలో రంధ్రం, దానికి ఏమీ తెలీదు. పాత పెట్రోల్‌కి సెట్ చేసిన జెట్ ఇప్పుడు లీనే.

మరి ఏం చేయాలి? నైట్రస్ లేకుండా ఇంజిన్ పర్ఫెక్ట్‌గా ఉండాలి ముందు. కంప్రెషన్ చూపించండి, పెట్రోల్ పంపు ప్రెషర్ ఫుల్ లోడ్‌లో పడిపోతాందా చూడండి. 80 హార్స్‌పవర్ ఇంజిన్‌కి 50 ఎక్కించాలని ఆశపడొద్దు, 25తో మొదలుపెట్టండి. స్పార్క్ ప్లగ్ ఒక మెట్టు కోల్డ్‌ది వేయండి. టైమింగ్ ప్రతి 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీలు వెనక్కి అనేది పాత లెక్క. మన ఎండకి నేనైతే ఇంకొంచెం వెనక్కే పెడతా. పవర్ పోతే పోనీ. ఫుల్ యాక్సిలరేటర్ తొక్కితేనే, 3,000 ఆర్పీఎమ్ దాటినాకే నైట్రస్ పోయేలా, లిమిటర్ ముందే ఆగేలా స్విచ్‌లు పెట్టాలి. పెట్రోల్ ప్రెషర్ పడితే నైట్రస్ కట్ అయ్యే స్విచ్ మాత్రం ఎంత బేరమాడినా తీసేయొద్దు. రన్ అయినాక ప్లగ్ ఊడదీసి తెల్ల పింగాణి మీద చూడండి. మెరిసే చిన్న చుక్కలు కనపడితే అది మీ పిస్టన్ అల్యూమినియం. ఆ రోజుకి ఆపేయండి.

బాటిల్‌కి మాత్రం మన ఊరి వైద్యం ఉంది. నీడలో పెట్టి, గోనెపట్ట తడిపి చుట్టండి, గాలి ఆడనివ్వండి. నీళ్ల కుండకి మన అవ్వలు చేసేదే. మన గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబడుతుంది. గేజ్ చూస్తా ఉండండి, 900 దగ్గరికి దిగినాకే వాల్వ్ తెరవండి. కోస్తా ఉక్కపోతలో ఇది ఇంత బాగా పనిచేయదు. కరువు నేలకి ఈ ఒక్క సుఖమైనా ఉంది కదా!

ఇంకోటి, బాటిల్‌కి సేఫ్టీ డిస్క్ ఉంటుంది, ప్రెషర్ మరీ ఎక్కువైతే అది పగిలి గ్యాస్ వదిలేస్తుంది. దాని నుంచి ట్యూబు కారు బయటికి ఉండాలి. లేదంటే మూసిన అద్దాల మధ్య ఆక్సిజన్ తగ్గిపోయి, నడిపేవాడు స్పృహ తప్పుతాడు. బాటిల్ నింపేది బరువు తూచి, లైసెన్స్ ఉన్న చోట మాత్రమే. గేజ్ చూసి నింపుతాం అనే చోటికి పోవద్దు. పని లేనప్పుడు బాటిల్ విప్పి ఇంట్లో చల్లటి చోట, గాలి వచ్చే చోట పెట్టండి, డిక్కీలో వదిలేయొద్దు.

రోడ్డు మీద ఇదంతా చేయడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించి, 189వ సెక్షన్ రోడ్డు మీద రేసుల గురించి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఆ కిట్ గురించే. బైపాస్‌లో రాత్రి పదకొండుకి వేరుశనక్కాయల ట్రాక్టర్ లైట్ లేకుండా వస్తాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది.

ధర్మవరం తమ్ముడూ, హీటర్ డబ్బులతో వైడ్‌బ్యాండ్ గేజ్ కొను. మీ ఫ్రెండ్‌కి చెప్పు, ఆ బాటిల్ ఇప్పుడే, ఈ వీడియో ఆపేసి అయినా, డిక్కీలోంచి తీసి ఇంట్లో పెట్టమని.