ఇంటిలో సుగంధ తైలములు

అమరావతి వంటి ఎండసీమలో వేసవియందు వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుట మనకు పూర్వపు వాడుక. ఆ వేళ్ళలోని తైలమే తడిగాలితో కలిసి ఇల్లంతయు పరిమళింపజేయును. నేడు నిమ్మగడ్డి, నీలగిరి తైలములను నీటిలో కలిపి పిచికారీ చేయుచున్నాము. నూనె నీటిలో కరగదు. కావున చల్లునపుడెల్ల సీసాను బాగుగా కుదుపవలెను. నీలగిరి తైలము కడుపులోనికి పోయినచో విషము. దానిని పిల్లలకు అందనీయరాదు; పసివారి ముఖము చెంత చల్లరాదు.

ఈ వాసనకు దోమలు కొంతసేపు తొలగును గాని, తైలము త్వరలోనే ఆవిరియైపోవును. దోమ వలన కలుగునది చీకాకు మాత్రమే కాదు. 1897లో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. దోమలు పుట్టునది నిలువనీటిలో. తొట్లను, కుండలను వారమునకొకసారి తోమి ఆరబెట్టుటయే ఇంటికి రక్ష. పరిమళము దానికి తోడు మాత్రమే.